ప్రాజెక్టు డైరీ: సాల్వర్ నడిపే ముందు కనిష్ఠం ఉందో లేదో తేల్చుకోవడం

నమోదు 1: ప్రశ్నని బిగించడం

చేతిలో ఉన్నది పాక్షిక అవకలన సమీకరణాల మీద ఆప్టిమల్ కంట్రోల్ లెక్కలు (ఖర్చు అతితక్కువయ్యే కంట్రోల్‌ని వెతకడం) చేసే చిన్న సాల్వర్. దానికి ఏ సమస్య ఇచ్చినా ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే. మెష్ వేశాక (ప్రదేశాన్ని చిన్న గడులుగా కోశాక) తెలియని సంఖ్యలు వెయ్యి కావొచ్చు, పది లక్షలు కావొచ్చు, ఎన్నైనా పరిమితమే. పరిమిత పరిమాణంలో సంవృతమూ (క్లోజ్డ్) పరిబద్ధమూ (బౌండెడ్) అయిన సమితి మీద అవిచ్ఛిన్న (కంటిన్యువస్) ప్రమేయానికి కనిష్ఠం ఉండి తీరుతుంది. అసలు సమస్యకి కనిష్ఠమే లేకపోయినా ఆ సంగతి సాల్వర్‌కి తెలిసే దారి లేదు. అందుకని కోడ్ ముట్టుకునే ముందు ఒక్కో సమస్యకి ఉనికి నిరూపణ కాగితం మీద రాయాలి. నిరూపణ ఎక్కడైనా ఆగిపోతే, ఆగిన చోటుని బయటపెట్టే లెక్క ఒకటి చేతితో చేసి టెస్టుగా పెట్టాలి. ఈ డైరీ పరిధి అంతవరకే.

మూల సమస్య: పరిబద్ధమైన ప్రదేశం ఒమేగా, దాని సరిహద్దు లిప్షిట్జ్ (మూలలు ఉండొచ్చు, సూదిమొనలు ఉండవు). స్టేట్ సమీకరణం −∇²వై = యు, సరిహద్దు మీద వై = 0. ఖర్చు

జె = ½‖వై − జెడ్‖² + (ఆల్ఫా/2)‖యు‖²

నార్మ్‌లు రెండూ ఎల్²లోవి (వర్గాన్ని సమాకలించి వర్గమూలం తీసినవి). యు కంట్రోల్, వై స్టేట్, జెడ్ లక్ష్యం, ఆల్ఫా కంట్రోల్ ఖర్చుకి ఇచ్చే బరువు (సున్నా లేదా ధనాత్మకం).

నిరూపణ దారి అందరికీ తెలిసినదే, డైరెక్ట్ మెథడ్. ఖర్చుకి కింది హద్దు ఉంది, అనుమతించిన (వై, యు) జంట ఒక్కటైనా ఉంది కాబట్టి ఇన్ఫిమమ్ (అతిపెద్ద కింది హద్దు) పరిమిత సంఖ్య. దాని వైపు దిగే అనుక్రమం తీసుకుంటాం. కంట్రోల్స్ పరిబద్ధమని చూపిస్తాం. ఎల్² రిఫ్లెక్సివ్ కాబట్టి వీక్‌గా (నార్మ్‌లో కాదు, సగటుల్లో మాత్రమే) అభిసరించే ఉపానుక్రమం దొరుకుతుంది. అనుమతి సమితి కుంభాకారం (కాన్వెక్స్), సంవృతం అయితే వీక్ లిమిట్ కూడా అందులోనే ఉంటుంది (మజూర్ సిద్ధాంతం). స్టేట్ సమీకరణంలో లిమిట్‌కి వెళ్తాం. చివరికి ఖర్చు వీక్ లిమిట్ దగ్గర పైకి ఎగరదని చూపిస్తాం.

ప్రతి సమస్యకీ లెడ్జర్‌లో మూడు గడులు పెట్టాం: పరిబద్ధత ఎక్కణ్ణుంచి వస్తోంది? సంహతత్వం (కంపాక్ట్‌నెస్, అంటే వీక్ అభిసరణని స్ట్రాంగ్‌గా, నార్మ్‌లో అభిసరణగా మార్చే గుణం) ఎక్కణ్ణుంచి వస్తోంది? వీక్‌గా మాత్రమే అభిసరించే రెండు వస్తువులు ఏ లబ్ధంలోనైనా కలుస్తున్నాయా? మూడో గడి ఖాళీగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు.

నమోదు 2: లీనియర్ సమస్య

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. లాక్స్–మిల్‌గ్రామ్ సిద్ధాంతంతో ప్రతి యుకీ ఒకే వై. ‖∇వై‖ ≤ సి·‖యు‖, ఇక్కడ సి అంటే పాయింకరే స్థిరాంకం. యూనిట్ చతురస్రంలో అది 1/(π√2), అంటే దాదాపు 0.2251. కోడ్‌లో ఈ అసమానతని అలాగే టెస్టుగా పెట్టాం. యాదృచ్ఛికంగా ఏ యు ఇచ్చినా ‖∇వై‖/‖యు‖ ఈ సంఖ్యని దాటకూడదు. దాటితే మాస్ మాత్రికలో (మెష్ మీద ఎల్² నార్మ్‌ని లెక్కించేది) స్కేలింగ్ తప్పిందని అర్థం.

చాలామంది నిరూపణల్లో ఇక్కడే రెలిక్ సిద్ధాంతాన్ని (ప్రమేయాలూ వాటి గ్రేడియంట్లూ ఎల్²లో పరిబద్ధమైతే ఎల్²లో స్ట్రాంగ్‌గా అభిసరించే ఉపానుక్రమం ఉంటుందనేది) పిలుస్తారు. అవసరం లేదు. యు నుంచి వైకి వెళ్లే మ్యాప్ లీనియర్, అవిచ్ఛిన్నం కాబట్టి వీక్ నుంచి వీక్‌కి తానంతట తానే వెళ్తుంది. నార్మ్ వర్గం కుంభాకారం కాబట్టి కింది నుంచి సెమీ కంటిన్యూయస్ (వీక్ లిమిట్ దగ్గర పైకి ఎగరదు). సంహతత్వాన్ని అనవసరంగా వాడితే, అది నిజంగా కావాల్సిన చోటు ఏదో తెలియకుండా పోతుంది.

ఆల్ఫా > 0 అయితే ఖర్చు ఖచ్చిత కుంభాకారం, జవాబు ఒక్కటే. యు వేరైతే వై కూడా వేరే కాబట్టి, అనుమతి సమితి కుంభాకారంగా ఉన్నంతవరకు ఆల్ఫా = 0 అయినా రెండు జవాబులు ఉండవు. కానీ "రెండు ఉండవు" అన్నంత మాత్రాన "ఒకటి ఉంది" అని కాదు. తర్వాతి నమోదు దాని గురించే.

నమోదు 3: ఆల్ఫా = 0, హద్దులు లేవు

ఒక డైమెన్షన్‌లో, (0, 1) మీద −వై″ = యు. లక్ష్యం జెడ్ = 1, స్థిరాంకం. సరిహద్దులో వై సున్నా కావాలి, లక్ష్యం 1. కాబట్టి వై = జెడ్ కుదరదు. కానీ ఎంత దగ్గరికైనా వెళ్లొచ్చు. 1కి సైన్ శ్రేణి రాస్తే బేసి కెలకి మాత్రమే గుణకాలు ఉంటాయి, 4/(కెπ). శ్రేణిని ఎన్ దగ్గర తెంచి దాన్నే వైగా తీసుకుంటే, కావాల్సిన యులో గుణకాలు 4కెπ అవుతాయి. ఆ లెక్క:

ఎన్ = 1 దగ్గర ‖వై − 1‖² = 0.1894, ‖యు‖ = 8.89.
ఎన్ = 9 దగ్గర 0.0404, ‖యు‖ = 114.1.
ఎన్ = 19 దగ్గర 0.0202, ‖యు‖ = 324.1.

మిగులు 1/ఎన్ లాగా తగ్గుతుంటే, కంట్రోల్ నార్మ్ ఎన్‌కి ఒకటిన్నర ఘాతంలో పెరుగుతోంది. ఇన్ఫిమమ్ సున్నా, దాన్ని అందుకునే యు లేదు. లెడ్జర్‌లో మొదటి గడే ఖాళీ.

సాల్వర్‌లో దీని లక్షణం స్పష్టం. సరిహద్దుని ఆనుకున్న గడుల్లో యు కోరల్లా లేస్తుంది, మెష్ సన్నబడే కొద్దీ కోర పొడుగవుతుంది. ఇటరేషన్ల సంఖ్య కూడా పెరుగుతుంది. దీన్ని చూసి ప్రీకండిషనర్ (ఇటరేషన్లు తగ్గించే సహాయక మాత్రిక) మార్చడం మొదలుపెడితే కాలం వృథా.

మందులు రెండు. ఒకటి ఆల్ఫా > 0. అప్పుడు ప్రతి మోడ్‌కీ జవాబు చేతితో వస్తుంది: వై గుణకం = 4/(కెπ) ÷ (1 + ఆల్ఫా·(కెπ)⁴). ఆల్ఫా = 0.0001కి మొదటి మూడు బేసి మోడ్‌లు 1.26096, 0.23723, 0.03593. ఈ మూడు సంఖ్యలూ రిగ్రెషన్ టెస్టులోకి వెళ్లాయి. ఐదో మోడ్ తేడాగా వస్తే ముందు మెష్ చూడాలి, ఆ తర్వాతే గ్రేడియంట్. రెండో మందు, −10 ≤ యు ≤ 10 లాంటి పెట్టె హద్దు. పెట్టె ఉంటే ఆల్ఫా సున్నా అయినా పరిబద్ధత ఉచితంగా వస్తుంది, ఉనికి నిలబడుతుంది.

పెట్టె తీసేసి ‖యు‖² బదులు ఎల్¹ నార్మ్‌ని ఖర్చులో పెడితే? ఎల్¹ రిఫ్లెక్సివ్ కాదు. అనుక్రమం ఒక బిందువు దగ్గర ముద్దకట్టి డిరాక్ (బరువంతా ఒకే బిందువు మీద ఉన్న కొలత) అయిపోవచ్చు. అప్పుడు కంట్రోల్స్‌ని మొదటి నుంచీ కొలతల (మెజర్ల) స్పేస్‌లోనే వెతకాలి. ఈ సాల్వర్‌లో ఎల్¹తో పాటు పెట్టె తప్పనిసరి అని రాసి వదిలేశాం.

నమోదు 4: ఘన పదం, సరైన గుర్తుతో

−∇²వై + వై³ = యు. వైతో గుణించి సమాకలిస్తే ‖∇వై‖² + ∫వై⁴ = ∫యు·వై. ఎడమ వైపు రెండూ ధనాత్మకం, అందుకని పాత హద్దే పనిచేస్తుంది. వై³ మోనోటోన్ (ఎప్పుడూ పెరిగేదే) కాబట్టి వై ఒక్కటే.

ఇప్పుడు సంహతత్వం నిజంగా కావాలి, ఎందుకంటే వీక్ లిమిట్‌ని ఘనం చేయలేం. మూడు డైమెన్షన్ల వరకు హెచ్¹₀ (గ్రేడియంట్ ఎల్²లో ఉండి, సరిహద్దులో సున్నా అయ్యే ప్రమేయాల స్పేస్) నుంచి ఎల్⁴కి చేరిక సంహతం, కాబట్టి వైలు ఎల్⁴లో స్ట్రాంగ్‌గా అభిసరిస్తాయి. |ఎ³ − బి³| ≤ (3/2)(ఎ² + బి²)|ఎ − బి| వాడి, హోల్డర్ అసమానతలో నాలుగు ఎల్⁴ కారకాలు పెడితే పని అయిపోతుంది. నాలుగు డైమెన్షన్లలో చేరిక ఉంటుంది, సంహతత్వం పోతుంది. అక్కడ ∫వై⁴ హద్దే ఆదుకుంటుంది. వై³ ఎల్^(4/3)లో పరిబద్ధం, ఉపానుక్రమం దాదాపు ప్రతిచోటా అభిసరిస్తుంది కాబట్టి దాని వీక్ లిమిట్ వై³ కాక తప్పదు. ఈ రెండో వాదనే లెడ్జర్‌లో ఉంచాం. డైమెన్షన్ అడగదు కదా.

ఒక హెచ్చరిక. ఉనికి వచ్చింది, ఏకైకత రాలేదు. వై ఇక యుకి లీనియర్ కాదు, ఖర్చు యులో కుంభాకారం కాదు. సాల్వర్ రెండు వేర్వేరు ప్రారంభాల నుంచి రెండు జవాబులు ఇస్తే బగ్ అని పరుగెత్తకూడదు.

నమోదు 5: అదే ఘనం, గుర్తు తిరగబడితే

−∇²వై − వై³ = యు. కాగితం మీద ఒక్క గీత తేడా, నిరూపణలో మాత్రం నేల కదిలిపోతుంది. (0, 1) మీద యు = 0 తీసుకోండి. −వై″ = వై³కి సున్నా ఒక పరిష్కారం. ధనాత్మక పరిష్కారం ఇంకొకటి ఉంది. దాన్ని బేసి ప్రమేయంగా, ఆవర్తనంగా పొడిగించి ఎన్·వై(ఎన్·ఎక్స్) తీసుకుంటే అదీ పరిష్కారమే, ఎందుకంటే రెండు వైపులా ఎన్³ వస్తుంది. దాని ఎల్² నార్మ్ మొదటిదానికి ఎన్ రెట్లు. అంటే సున్నా కంట్రోల్‌కే ఎంత పెద్ద స్టేట్ అయినా ఉంది. యు నుంచి వైకి మ్యాప్ అనేదే లేదు.

ఇక్కడ జంటని జంటగానే చూడాలి. (వై, యు) రెండూ తెలియనివే, సమీకరణం వాటి మధ్య షరతు. ఎల్² ట్రాకింగ్ ఖర్చు వైని ఎల్²లోనే పట్టుకుంటుంది, అది వై³ గురించి ఏమీ చెప్పదు. నిరూపణ అక్కడ ఆగింది. జాక్-లూయి లియోన్స్ ఇలాంటి సింగ్యులర్ వ్యవస్థలకి చూపిన ఉపాయం ఖర్చునే మార్చడం: ½‖వై − జెడ్‖² బదులు ఎల్⁶ నార్మ్ ఆరో ఘాతం, (1/6)∫|వై − జెడ్|⁶. వై ఎల్⁶లో పరిబద్ధమైతే వై³ ఎల్²లో పరిబద్ధం. యు కూడా ఎల్²లోనే ఉంది, కాబట్టి ∇²వై ఎల్²లో పరిబద్ధం. సరిహద్దు నునుపుగా ఉంటే వై హెచ్²లో (రెండో అవకలజాల దాకా ఎల్²లో) పరిబద్ధం, ఇక సంహతత్వానికి లోటు లేదు. అనుమతించిన జంట ఒకటైనా ఉందా? కంట్రోల్ మీద హద్దు లేకపోతే, సరిహద్దులో సున్నా అయ్యే నునుపైన వై ఏదైనా తీసుకుని యుని సమీకరణం నుంచే లెక్కగట్టొచ్చు. హద్దులు ఉంటే మాత్రం జంట చూపించే పని మనదే.

కోడ్‌లో పర్యవసానం: ఈ సమస్యకి "రిడ్యూస్డ్" పద్ధతి, అంటే ప్రతి అడుగులో యు ఇచ్చి వై సాధించడం, మూసేశాం. న్యూటన్ ఏ కొమ్మ పట్టుకుంటుందో ప్రారంభ విలువ మీద ఆధారపడుతుంది. కొమ్మ మారినప్పుడు గ్రేడియంట్ గెంతుతుంది. లైన్ సెర్చ్ కారణం లేకుండా చిక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆల్-ఎట్-వన్స్ రూపం (వై, యు రెండింటినీ ఒకేసారి సాధించడం) మాత్రమే తెరిచి ఉంచాం.

నమోదు 6: కాలం చేరింది

∂వై/∂టి − ∇²వై + వై³ = యు, ప్రారంభంలో వై = 0. హద్దులు పాతవే. సంహతత్వం దగ్గర ఒక ఉచ్చు ఉంది. ప్రతి క్షణంలో హెచ్¹లో పరిబద్ధం కాబట్టి రెలిక్ చాలనుకుంటే పొరపాటు. సైన్(2πఎన్·టి)·ఫై(ఎక్స్) చూడండి: స్థలంలో ఎంతో నునుపు, వీక్‌గా సున్నాకి పోతుంది, వర్గం మాత్రం ½ఫై²కి పోతుంది. కాలంలో ఊగుడుని ఎవరూ ఆపలేదు. ఆపేది ∂వై/∂టి మీద హద్దు, అది సమీకరణం నుంచే వస్తుంది. వై³ ఎల్^(4/3)లో ఉంది కాబట్టి, నాలుగు డైమెన్షన్ల దాకా ∂వై/∂టి ఎల్^(4/3)(0, టి, హెచ్⁻¹)లో పరిబద్ధం (హెచ్⁻¹ అంటే హెచ్¹₀ ద్వంద్వ స్పేస్). ఘాతం 2 కాదని బెంగ అక్కర్లేదు, ఓబాఁ–లియోన్స్ లెమ్మాకి (స్థలం, కాలం రెండింటిలోనూ కలిపి సంహతత్వం ఇచ్చేది) అది చాలు. ఖర్చులో చివరి క్షణపు స్టేట్ ఉన్నా ఇబ్బంది లేదు. అది ఎల్²లో వీక్‌గా సరైన లిమిట్‌కే పోతుంది, నార్మ్ వర్గం కుంభాకారం.

నమోదు 7: కంట్రోల్ గుణకంలోకి వెళ్తే

మొదట తేలికైనది: −∇²వై + యు·వై = ఎఫ్, యు ≥ 0. యు వీక్, వై స్ట్రాంగ్, లబ్ధం సురక్షితం. మూడో గడి ఖాళీ.

ఇక −(యు·వై′)′ = 1, (0, 1) మీద, యు 1కీ 3కీ మధ్య. యు వీక్, వై′ కూడా వీక్. లెడ్జర్‌లో మొదటిసారి మూడో గడి నిండింది. ఎంత తేడా చేస్తుందో సంఖ్యల్లో చూడాలి. యు స్థిరాంకం సి అయితే వై = ఎక్స్(1 − ఎక్స్)/(2సి), మధ్యలో 1/(8సి). ఇప్పుడు యుని సన్నని పట్టీలుగా 1, 3, 1, 3 అని మార్చుకుంటూ పోతే వీక్ లిమిట్ అంకమధ్యమం, 2. దాన్ని సమీకరణంలో పెడితే మధ్య విలువ 0.0625. కానీ వైలు నిజంగా వెళ్లేది హరాత్మక మధ్యమం 1.5 ఇచ్చే చోటికి, అంటే 0.0833. నాలుగో వంతు తేడా. లిమిట్ యు, లిమిట్ వై ఒకదానికొకటి జంట కావు.

ఈ లెక్క కోడ్‌లో ఒక నిజమైన తప్పుని పట్టుకుంది. పట్టీల కంటే ముతక మెష్ వేసినప్పుడు ఒక ఎలిమెంట్‌లో గుణకాన్ని అంకమధ్యమంతో సగటు చేసే ఫంక్షన్ ఉంది. అది 0.0625 ఇస్తుంది. ఎలిమెంట్ అంచులు పట్టీల అంచులతో కలిస్తే, ఒక డైమెన్షన్‌లో లీనియర్ ఎలిమెంట్లు నోడ్‌ల దగ్గర ఖచ్చితమైన విలువే ఇస్తాయి, పట్టీలు పెంచే కొద్దీ 0.0833కి చేరతాయి. సగటు ఫంక్షన్ తీసేశాం. ఇప్పుడు మెష్ సరిపోకపోతే కోడ్ ఆగిపోతుంది, నోరు మూసుకుని తప్పు చెప్పదు.

ఒక డైమెన్షన్‌లో తప్పించుకునే దారి ఉంది. యు బదులు 1/యుని కంట్రోల్ అనుకుంటే ఫ్లక్స్ (యు·వై′) స్ట్రాంగ్‌గా అభిసరిస్తుంది, లిమిట్ చక్కగా దాటుతుంది. రెండు డైమెన్షన్లలో ఆ దారి మూత. పట్టీలకి అడ్డంగా 1.5, పట్టీల వెంబడి 2. లిమిట్ సంఖ్య కాదు, మాత్రిక. స్కేలార్ గుణకాల సమితిలోంచి బయటపడిపోయాం. 1970ల తొలినాళ్లలో ఫ్రాన్స్వా మ్యురా ఇచ్చిన ప్రత్యుదాహరణ ఇలాంటి సమస్యలకే: పెట్టె హద్దులు ఉన్నా కనిష్ఠం లేదు. అక్కణ్ణుంచి మ్యురా, టార్టార్ హెచ్-అభిసరణని (గుణకాలు ఊగుతుంటే పరిష్కారాలు ఏ లిమిట్ గుణకానికి చెందినవో చెప్పేది) కట్టారు. సౌష్ఠవ మాత్రికలకి స్పాన్యోలో జి-అభిసరణ అంతకు ముందే ఉంది.

మనం తీసుకున్న మందు ఖర్చులో యు టోటల్ వేరియేషన్‌ని (మొత్తం ఎగుడుదిగుడుల కొలత) చేర్చడం. అప్పుడు యులు ఎల్¹లో స్ట్రాంగ్‌గా అభిసరిస్తాయి. పైనా కిందా హద్దులు ఉన్నాయి కాబట్టి పరిమిత ఘాతం ఉన్న ఏ ఎల్^పిలోనైనా అంతే. టెస్ట్ ప్రమేయం వి తీసుకుంటే యు·∇వి ఎల్²లో స్ట్రాంగ్, ∇వై వీక్, లబ్ధం దాటింది. వెల ఏమిటంటే సన్నని పట్టీలకి ఖర్చు పడుతుంది, నిజంగా పట్టీలే మేలైన చోట కూడా. అది సమస్యని మార్చడమే, ఆ సంగతి ఇన్‌పుట్ ఫైల్లో కనిపించేలా రాశాం.

నమోదు 8: ఆన్/ఆఫ్ కంట్రోల్, ఖాళీ అనుమతి సమితి

యు విలువ +1 లేదా −1 మాత్రమే. −వై″ = యు, లక్ష్యం సున్నా, ఆల్ఫా సున్నా. (0, 1)ని ఎల్ పొడవున్న సమాన ముక్కలుగా, సరి సంఖ్యలో చేసి గుర్తులు మార్చుకుంటూ పోతే ప్రతి ముక్కలో వై ఒక పారబోలా విల్లు, ఎత్తు ఎల్²/8, మొత్తం ‖వై‖² = ఎల్⁴/120. ముక్కలు రెట్టింపు చేస్తే ఖర్చు 16వ వంతుకి పడిపోతుంది, అలా పడిపోతూనే ఉంటుంది. సున్నా అందాలంటే యు = 0 కావాలి, అది అనుమతిలో లేదు. సమీకరణం లీనియర్, పరిబద్ధత ఉంది, సంహతత్వం ఉంది. తప్పు అనుమతి సమితిది, అది కుంభాకారం కాదు.

సాల్వర్‌లో ఆనవాలు: ఏ మెష్ ఇచ్చినా జవాబు మెష్ గడి పరిమాణంలోనే ఊగుతుంది. ఈ ఆనవాలుని యాంత్రికంగా పట్టుకునే చెక్ రాశాం. వరుసగా మూడు మెష్‌ల మీద, ప్రతిసారీ గడి సగం చేస్తూ, యు గుర్తు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టడం. సంఖ్య స్థిరపడితే వదిలేయడం, ప్రతిసారీ రెట్టింపవుతుంటే హెచ్చరిక. నమోదు 7 సమస్యకి టోటల్ వేరియేషన్ తీసేసినప్పుడు వాడటానికి అదే చెక్‌లో గుర్తు బదులు యు − 2 గుర్తు పెట్టాం.

స్టేట్ మీద హద్దు ఉన్న సమస్యల్లో చిక్కు వేరే చోట. వై ≤ హద్దు అనే సమితి కుంభాకారం, సంవృతం. లిమిట్‌లో ఏ బాధా లేదు. అసలు అనుమతించిన జంట ఉందా అన్నదే ప్రశ్న. ఉదాహరణకి యు ≥ 1, వై ≤ 0.1. (0, 1) మీద యు ≥ 1 అయితే వై ≥ ఎక్స్(1 − ఎక్స్)/2, మధ్యలో 0.125. సమితి ఖాళీ. పెనాల్టీ పద్ధతి (హద్దు దాటినందుకు ఖర్చులో జరిమానా వేసేది) ఈ సమస్యని కూడా నమ్మకంగా సాధించి పెడుతుంది, అతిక్రమణ మాత్రం మధ్యలో 0.025 కంటే కిందికి ఎప్పటికీ దిగదు. స్లేటర్ షరతు (హద్దుల్ని ఖచ్చితంగా లోపలే పాటించే జంట ఉండాలన్నది) లాగ్రాంజ్ గుణకాల కోసం, దాన్ని ఇక్కడ కలపనక్కర్లేదు. ముందు ఫీజిబిలిటీ రన్ చేయాలి, అతిక్రమణనే ఖర్చుగా పెట్టి. అది సున్నాకి రాకపోతే అసలు రన్ మొదలవదు.

మిగిలిన పని: ఆన్/ఆఫ్ సమస్యని [−1, 1]కి సడలించి సాధించాక, వచ్చిన యుని తిరిగి ±1 పట్టీలుగా మార్చే రొటీన్. ప్రతి గడిలో +1 వాటా (1 + యు)/2. సడలించిన ఖర్చుకి, పట్టీల ఖర్చుకి తేడా ఎల్⁴ రేటున తగ్గుతుందా అన్నది యు = 0 సందర్భంలో పైన చేతితో వచ్చింది. సాధారణ యుకి రేటు రాసి, టెస్ట్ కట్టాలి.